గాలానికి చేప ఎందుకు పడలేదు?

మే నెల. బడికి సెలవులు. గాలపు కర్ర, ఎర్రల డబ్బా, చద్దన్నం మూట తీసుకుని మీరు ఏటికి బయలుదేరారనుకుందాం. చేరేసరికే ఎనిమిదయింది. ఎర గుచ్చారు, గాలం వేశారు, బెండు వంక చూస్తూ కూచున్నారు. తొమ్మిదయింది, పది దాటింది. బెండు మీద ఒక తూనీగ వచ్చి వాలింది కాని బెండు మాత్రం మునగలేదు. చోటు మార్చారు, ఎర మార్చారు. పన్నెండింటికి ఇసుక కాళ్ళు కాలుస్తుంటే ఒడ్డున తుమ్మచెట్టు కిందికి చేరారు. సాయంత్రం దాకా కాచుకున్నా బుట్టలో ఒక్క పరిగె కూడా పడలేదు. దారిలో కనబడిన ప్రతివారూ "ఏం బాబూ, ఏమన్నా పడ్డాయా?" అని అడిగేవారే!

ఇంటికి వచ్చాక ఎవరికి తోచిన కారణం వారు చెబుతారు. పొద్దున్నే లేచి ఎవరి ముఖం చూశావోనంటుంది నాయనమ్మ. నీ చెయ్యి మంచిది కాదంటాడు అన్నయ్య. ఏట్లో చేపలెక్కడివి, వలలవాళ్ళు ఎప్పుడో ఊడ్చేశారంటాడు పక్కింటి మామయ్య. ఈ మూడో మాటలో కొంత నిజం లేకపోలేదు, దాని సంగతి తర్వాత చూద్దాం. వీరిలో ఎవరూ చేప వైపు నుంచి ఆలోచించలేదు. ఆ రోజంతా నీళ్ళ కింద అది ఏం చేస్తోంది? ఎదుట ఎర వేలాడుతున్నా ఎందుకు నోరు తెరవలేదు? ప్రయోగశాలలో పరీక్షనాళికలో రంగు మారకపోతే "మార్పు లేదు" అని రికార్డులో రాసుకుంటాం కదా. మీ ఖాళీ బుట్టను కూడా అలాగే చూద్దాం.

ముందుగా ఏట్లో చేపలు ఉన్నాయో లేవో తేల్చుకోవాలి. గోదావరినే తీసుకోండి. నాసిక్ దగ్గరి త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే ఈ నదికి మంచుకొండల ఆసరా లేదు. దాని నీటిలో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానలదే. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ నది 75 అడుగులు దాటింది. అదే నది మే నెలలో ఇసుక తిన్నెల మధ్య సన్నని పాయలుగా చీలిపోతుంది. వరదల్లో పొలాల దాకా తిరిగివచ్చిన చేపలన్నీ ఈ పాయలు పట్టుకుని లోతైన చోట్లకు దిగిపోతాయి. వీటినే మనం మడుగులంటాం. మీరు మోకాలి లోతు పాయలో గాలం వేసి కూచుంటే చేపలు లేని చోట చేపల కోసం చూస్తున్నట్టే! ఇంకొక మాట: అమ్మ మురిపెంగా చెప్పే పులస కోసం ఈ నెలలో ఎదురుచూడకండి. అది సముద్రం చేప. గోదావరికి ఎర్రనీరు వచ్చాక, జూలై నుంచి సెప్టెంబరు మధ్య గుడ్లు పెట్టడానికి ఏరు ఎదురెక్కి వస్తుంది. అదైనా ధవళేశ్వరం ఆనకట్ట దాకానే.

సరే, మడుగు దగ్గరికే వెళ్ళారు. అక్కడా పడలేదు. చేప మీకంటే ముందు మిమ్మల్ని చూసి ఉండవచ్చు.

వెలుతురు గాలిలో నుంచి నీటిలోకి వెళ్ళేటప్పుడు వంగుతుందని, దాన్ని వక్రీభవనం అంటారని చదువుకున్నారు కదా. నీటికి సందిగ్ధ కోణం దాదాపు 49 డిగ్రీలు. దీనివల్ల చేపకు పై ప్రపంచమంతా తల మీద ఒక గుండ్రని కిటికీలో నుంచి మాత్రమే కనిపిస్తుంది. మీటరు లోతున ఉన్న చేపకు ఆ కిటికీ వెడల్పు సుమారు రెండుంబావు మీటర్లు. దాని చుట్టూ నీటి పైపొర అద్దంలా మెరుస్తూ అడుగున ఉన్న రాళ్ళనే తిరిగి చూపిస్తుంది. తూర్పు అంచు నుంచి పడమటి అంచు దాకా ఉన్న ఆకాశం, చెట్లు, ఒడ్డు, ఒడ్డున మీరు, అందరూ ఆ కిటికీలో ఇరుక్కోవలసిందే. అంచుల దగ్గర ఇరుకు మరీ ఎక్కువ. నేల నుంచి పది డిగ్రీల ఎత్తు దాకా ఉన్నదంతా అక్కడ ఒక్క డిగ్రీ మందాన అణిగిపోతుంది. మీరు నీటి అంచున నిలబడితే ఆ కిటికీలోకి బాగా చొచ్చుకు వచ్చి కదిలే బొమ్మలా కనిపిస్తారు. అదే అయిదు మీటర్లు వెనక్కి జరిగి చతికిలబడితే కిటికీ అంచున ఒక సన్నని గీతగా మిగిలిపోతారు. పాత జాలర్లు ఒడ్డున వంగి నడవడం ఎందుకో ఇప్పుడు తెలిసిందా? వాళ్ళకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు, చేపలే చెప్పి ఉంటాయి.

చప్పుడు సంగతి ఇంకా తమాషా. "మాట్లాడకండిరా, చేపలు పారిపోతాయి" అని పెద్దవాళ్ళు కసురుతారు. నిజానికి గాలిలో పుట్టిన ధ్వనిలో వెయ్యో వంతు మాత్రమే నీటిలోకి దిగుతుంది. మిగతాదంతా నీటి పైపొరను తాకి వెనక్కి తిరిగిపోతుంది. కాబట్టి నెమ్మదిగా కబుర్లు చెప్పుకుంటే నష్టం లేదు. ధన్‌ధన్‌మని ఒడ్డు మీద నడిచారా, అది వేరు. ఆ అదురు నేలలో నుంచి తిన్నగా నీటిలోకి పోతుంది. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పరుగెత్తుతుంది. గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువ వేగం! చేప ఒంటికి రెండు పక్కలా మొప్ప దగ్గర నుంచి తోక దాకా ఒక గీత కనబడుతుంది. అదే పార్శ్వరేఖ. నీటిలో ఏ చిన్న కదలికనైనా దానితో పసిగడుతుంది. శీలావతి, బొచ్చె, జెల్ల వంటి చేపల్లో మరో ఏర్పాటు కూడా ఉంది. వాటి కడుపులోని వాయుతిత్తికీ చెవికీ మధ్య చిన్న చిన్న ఎముకల గొలుసు ఉంటుంది. వాయుతిత్తి డోలు చర్మంలా అదిరితే ఆ అదురును ఎముకలు చెవికి అందిస్తాయి. వీటిని మొదట వర్ణించిన జర్మన్ శాస్త్రవేత్త పేరు మీద వెబర్ ఎముకలంటారు.

ఎర విషయం రెండు ముక్కల్లో చెబుతాను. నోరు పైకి తిరిగి ఉన్న బొచ్చె నీటి పైభాగాన తేలే సూక్ష్మజీవులను వడకట్టుకు తింటుంది. మధ్యలో తిరిగే శీలావతి (తెలంగాణలో రవ్వ) నాచు, కుళ్ళిన ఆకులు కొరుకుతుంది. నోరు కిందికి ఉన్న ఎర్రమోసు అడుగు బురదలో వెతుక్కుంటుంది. వానపామును చూసి ఉరికేవి జెల్ల, వాలుగ వంటివి. అవి ఎక్కువగా రాత్రి తిరుగుతాయి. పట్టపగలు ఎర్ర గుచ్చి బొచ్చె కోసం చూడటం శాకాహారిని మాంసాహార హోటలుకు పిలిచినట్టే.

ఇక అసలు ముద్దాయి ఎండ.

ఒడ్డున ఇసుక కాలు పెట్టనివ్వదు, పక్కనే నీరు గోరువెచ్చగానే ఉంటుంది. నీటి విశిష్టోష్ణం ఇసుక కంటే దాదాపు అయిదు రెట్లు ఎక్కువ కాబట్టి అది నెమ్మదిగా వేడెక్కుతుంది. అయినా లోతు లేని పాయలు మధ్యాహ్నానికి బాగానే కాగుతాయి. మనకు బయట 44 డిగ్రీలున్నా ఒంట్లో 37 డిగ్రీలే. చెమట పోసి ఒళ్ళు చల్లబరుచుకుంటాం. చేపకు ఆ సదుపాయం లేదు. నీరు 32 డిగ్రీలైతే దాని ఒళ్ళూ ఇంచుమించు 32 డిగ్రీలే. ఒంటి వేడి పెరిగితే జీవక్రియల వేగమూ పెరుగుతుంది. మోటుగా చెప్పాలంటే పది డిగ్రీలు పెరిగితే రెట్టింపు అవుతుంది. అంటే చేపకు ప్రాణవాయువు అవసరం కూడా రెట్టింపన్నమాట.

మరి నీటిలో ప్రాణవాయువు ఎంత? చక్కెర వేడి నీళ్ళలో ఎక్కువ కరుగుతుంది. గాలి దీనికి సరిగ్గా ఎదురు. ఎండలో పెట్టిన గోలీ సోడా కొట్టగానే బుస్సుమని పొంగేది అందుకే. పొయ్యి మీద నీళ్ళు మరగడానికి చాలా ముందే గిన్నె గోడలకు చిన్న చిన్న బుడగలు అంటుకోవడం చూసే ఉంటారు. అవి ఆవిరి బుడగలు కావు, నీటిలో కరిగి ఉన్న గాలి బయటపడుతోంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీరు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను కరిగించుకోగలదు. 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే, 35 డిగ్రీల దగ్గర సుమారు 7. లెక్క వేయండి: 20 నుంచి 30కి వచ్చేసరికి సరఫరా ఆరో వంతు తగ్గింది, అవసరం రెట్టింపయింది! ఇంట్లో మనుషులు రెట్టింపైన నెలలోనే రేషను బియ్యం కోత పెడితే ఎలా ఉంటుందో చేప పరిస్థితి అలా ఉంటుంది.

అసలు నీటిలో ఊపిరి తీయడమే ఖరీదైన పని. లీటరు గాలిలో సుమారు 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల నీటిలో లీటరుకు 5, 6 మిల్లీలీటర్లకు మించదు. పైగా నీరు గాలి కంటే దాదాపు 800 రెట్లు బరువు. అంత బరువైన సరుకును నోట్లోకి లాగి మొప్పల గుండా బయటికి తోస్తూనే ఉండాలి. అందుకే మొప్పల నిర్మాణం గొప్పగా ఉంటుంది. వాటిలో నీరు ఒక దిక్కుకు పోతుంటే నెత్తురు ఎదురు దిక్కుకు పారుతుంది. నీరు తన ఆక్సిజన్‌లో చాలా భాగం ఇచ్చేసి బయటికి పోబోయే చోట, ఇంకా ఏమీ పట్టని కొత్త నెత్తురు ఎదురవుతుంది. కాబట్టి చివరి దాకా ఎంతో కొంత దక్కుతూనే ఉంటుంది. ఈ ఏర్పాటుతో కొన్ని చేపలు నీటిలోని ఆక్సిజన్‌లో నూటికి 80 పాళ్ళ దాకా లాక్కోగలవు. మన ఊపిరితిత్తులు గాలిలోని ఆక్సిజన్‌లో పావు వంతు తీసుకుంటే గొప్ప.

తిండికీ దీనికీ సంబంధం ఏమిటంటారా? కడుపు నిండా తిన్న తర్వాత అరిగించుకోవడానికి చేపకు మరింత ఆక్సిజన్ కావాలి. వెంటాడి పట్టుకోవడానికి ఇంకొంత. ఊపిరికే కటకటగా ఉన్నప్పుడు తిండి వాయిదా వేయడం దానికి లాభం. కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో చేపల చెరువులు పెంచే రైతులను అడగండి. నీటిలో ఆక్సిజన్ పడిపోయిన పూట మేత వేయరు. వేసినా చేపలు ముట్టవు, మేత కుళ్ళి ఉన్న ఆక్సిజన్‌ను కూడా తినేస్తుంది. మన దేశపు శీలావతి, బొచ్చెలు వేడికి అలవాటు పడినవే, 30 డిగ్రీల దాకా హాయిగా తింటూ పెరుగుతాయి. నీరు 35 దాటితే మాత్రం వాటి ప్రాణం మీదికి వస్తుంది.

ఇక్కడ చెరువు వేరు, ఏరు వేరు. "తెల్లవారుజామున గాలం వెయ్యి" అని ఏటి ఒడ్డు తాతలు చెప్పే మాట ఏటికి చక్కగా సరిపోతుంది. పారే నీరు రాళ్ళ మీద దొర్లుతూ రాత్రంతా గాలిని కలుపుకుంటుంది, తెల్లవారేసరికి బాగా చల్లబడుతుంది. వెలుతురు కూడా తక్కువే. నిలవ నీటిలో కథ తిరగబడుతుంది. పచ్చగా నాచు పట్టిన చెరువులో పగలు నాచు కిరణజన్య సంయోగక్రియ జరిపి ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక నాచు కూడా చేపల్లాగే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. రాత్రంతా తగ్గి తగ్గి సూర్యోదయానికి ముందు అది అట్టడుగుకు చేరుతుంది. అందుకే కొన్ని చెరువుల్లో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటాయి. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే క్షేమం, 3కు దిగితే ఇబ్బంది. పెద్ద చెరువుల మీద రాత్రిళ్ళు చక్రాలు తిప్పి నీటిని చిలికే యంత్రాలు ఇందుకే.

మధ్యాహ్నం మన మడుగులో చేప ఎక్కడ దాక్కుంటుంది? పైన నీరు కాగి తేలికై తేలుతుంది, కింద చల్లని బరువైన నీరు ఉంటుంది. చల్లగా ఉంది కదా అని చేప మరీ అడుక్కు దిగితే అక్కడ కుళ్ళిన ఆకుల వల్ల ఆక్సిజన్ తక్కువ. అందువల్ల రెండూ కొంత కొంత దొరికే మధ్య పొరను వెతుక్కుంటుంది. లేదా పాయ రాళ్ళ మీద నుంచి గలగలమంటూ మడుగులోకి పడే చోటు చేరుతుంది. చెట్టు నీడను, బండ అంచును కూడా వదలదు. చేప కంటికి రెప్ప లేదన్న సంగతి మరవకండి. మరొక చోటు కూడా ఉంది. వేసవిలో ఇసుకలో చెలమ తీస్తే చల్లని నీరు ఊరుతుంది కదా, అలాంటి ఊటలు ఏటి అడుగున కూడా ఉంటాయి. భూగర్భ జలానికి ఎండా వానా పెద్దగా తెలియవు. ఏడాది పొడవునా అది ఇంచుమించు ఒకే వేడిలో ఉంటుంది. అలాంటి ఊట దగ్గర చేపలు గుంపు కట్టి కదలకుండా నిలబడతాయి. చూస్తే నిద్రపోతున్నట్టుంటాయి. మొప్పల మూతలు మాత్రం గబగబా ఆడుతూనే ఉంటాయి.

మడుగుల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఇసుక తవ్విన గుంటలు పైకి మోకాలి లోతులా కనబడి నిలువెత్తు కంటే లోతుగా ఉంటాయి. వక్రీభవనం వల్ల నీటి లోతు ఎప్పుడూ ఉన్నదాని కంటే తక్కువగానే కనిపిస్తుంది. పెద్దవారు లేకుండా ఏట్లో దిగకండి.

ఈ ఆక్సిజన్ బాధ లేని చేప ఒకటుంది, కొరమీను. మొప్పలతో పాటు దాని తలలో గాలి పీల్చే గదులు కూడా ఉన్నాయి. నిమిషాల కొకసారి పైకి వచ్చి గుటకవేసి పోతుంది. నీటి అంచున ఎర్రటి చిన్న చిన్న పిల్లలు గుంపుగా కుతకుతలాడుతూ కనిపిస్తే ఆ కిందే తల్లిదండ్రులు కాపలా ఉన్నాయని గుర్తు. ఆ సమయంలో దగ్గరికి వచ్చిన దేనినైనా కొరమీను కసిగా కరుస్తుంది, గాలాన్ని కూడా. కొందరు కావాలని ఆ గుంపులోనే గాలం ఆడిస్తారు. పెద్ద చేప దొరుకుతుంది, పిల్లల గుంపు పూట తిరగకుండా ఇతర చేపల పాలవుతుంది. ఇది నాకు నచ్చని వేట.

ఇప్పుడు పక్కింటి మామయ్య మాటకు వద్దాం. మే నెలలో మడుగులో నక్కిన చేపలు మామూలు చేపలు కావు. వాటిలో చాలా వాటి కడుపులో గుడ్లు పండుతున్నాయి. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు నిలవ నీటిలో మామూలుగా గుడ్లు పెట్టవు. వానలు పడి కొత్తనీరు వచ్చి ఒడ్డు పొలాలు మునిగినప్పుడే పెడతాయి. శీలావతి ఒంటి బరువు కిలోకు రెండు లక్షలకు పైగా గుడ్లు పెడుతుంది. గుడ్లు ఒక్క రోజు తిరగకుండానే పిల్లలవుతాయి. వెనుకటి రోజుల్లో చెరువుల్లో పెంచడానికి చేపపిల్లలను వరద నీటిలో గుడ్డవలలతో పట్టి తేవలసి వచ్చేది. ఏ జాతి పిల్లలు వచ్చాయో పెరిగే దాకా తెలిసేది కాదు. 1957 జూలై 10న ఒడిశాలో డాక్టర్ హీరాలాల్ చౌధురి చేప మెదడు కింద ఉండే పీయూష గ్రంథి రసాన్ని తల్లిచేపలకు ఎక్కించి నది లేకుండానే గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్య రైతు దినోత్సవంగా జరుపుకుంటున్నాం. నేడు బజారులో దొరికే శీలావతుల్లో చాలా భాగం ఆ పద్ధతి సంతానమే.

చెరువుకు ఆ పద్ధతి ఉంది. ఏటి చేపకు మాత్రం ఇప్పటికీ మడుగే ఆధారం. కొన్నిచోట్ల వేసవిలో మడుగులు చిక్కిపోగానే మందుగుండు పేలుస్తారు, విషం కలుపుతారు. పేలుడు ఒత్తిడికి చేప వాయుతిత్తి పగిలిపోతుంది. ఇందాక చప్పుడు వినిపించిన తిత్తే అది. చచ్చిన వాటిలో కొన్నే తేలుతాయి, చాలా వాటికి తిత్తి పగలడం వల్ల అడుక్కు పోయి కుళ్ళుతాయి. మూడు కిలోల తల్లి శీలావతి ఒకటి పోతే ఆ ఏటి వరదలో ఆరు లక్షల గుడ్లు తగ్గినట్టు. ఈ రెండు పనులూ 1897 నాటి భారత మత్స్య చట్టంలోనే నేరాలు. గాలం పట్టిన కుర్రవాడికి ఒకటో రెండో పడతాయి, తక్కినవి తొలకరి దాకా బతుకుతాయి. పేలుడు తర్వాత ఆ మడుగులో తొలకరి కోసం కాచుకునేది ఏదీ ఉండదు.

చేప ఊపిరిని మీరే లెక్కపెట్టవచ్చు. పెరట్లో నీళ్ళ తొట్టిలో దోమపిల్లలను తినడానికి వదిలిన చిన్న చేపలుంటాయి. వాటిలో ఒకదాన్ని కదిలించకుండా చూస్తూ, మొప్పల మూత నిమిషానికి ఎన్నిసార్లు తెరుచుకుంటుందో లెక్కించండి. నీటిలో ఉష్ణమాపకం ఉంచి వేడి కూడా రాసుకోండి. ఉదయం ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, వారం రోజులు. గ్రాఫు కాగితం మీద అడ్డంగా డిగ్రీలు, నిలువుగా మొప్పల లెక్క గుర్తించండి. మధ్యలో గాలివాన వస్తే ఆ మర్నాటి అంకెలను వేరే రంగు పెన్సిలుతో పెట్టండి.